వదులు గాజులు

మా ఊరి ఆడవాళ్ళం ఒక మూడేళ్ళపాటు చిక్కిపోయామని నమ్మాం. 2000లో మొదలైన ఆ నమ్మకం 2003 దాకా సాగింది. అవి కరువు ఏళ్ళు కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాలేదు. నిజం చెప్పాలంటే మాలో ఒక్కతీ వీసమెత్తు తగ్గలేదు. పాడైపోయినవి గాజుల దాదాబీ చేతులు. కీళ్ళవాతం వచ్చి ఆమె వేళ్ళు వంగకుండా పోతే, ఆ సంగతి మా చెవిన పడకుండా మూడేళ్ళు నెట్టుకొచ్చింది. అది తల్చుకుంటే ఇప్పటికీ నాకు ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది.

దాదాబీ ఇల్లు గుమ్మఘట్టలో. అక్కడికి మా ఊరు మూడు మైళ్ళు. ఆమె మొగుడు జిలాన్ బాషా బళ్ళారి పోయి గాజులు తెచ్చేవాడు. వాటిని తాళ్ళకు గుచ్చి మలారం కట్టి, భుజాన వేసుకొని ఊరూరా తిరిగి తొడగడం దాదాబీ పని. సోమవారం మా ఊరి వంతు. కన్నడం మాట్లాడే ఇళ్ళ ముందర "బళె, బళె" అనీ, మా ఇళ్ళ ముందర "గాజులమ్మా గాజులు" అనీ కేకేసేది. ఆ కేక వినిపించిందంటే మా అమ్మ బయమ్మ పొయ్యి మీద పప్పు మాడుతున్నా లేచి వచ్చేది. వాళ్ళిద్దరికీ వదినా వదినా అనే పిలుపు. ఆ వరసన నాకు ఆమె అత్త.

"ఏం కోడలా, పరీక్షలు ఎట్ల రాసినావు? ఫెయిలైతే చెప్పు, ఈ మలారం నీ భుజానేస్తా" అని నన్ను ఏడిపించేది. నేను టెన్త్ పాసైన రోజు, ఇంటరు పాసైన రోజు, టీచరు ట్రైనింగులో సీటు వచ్చిన రోజు కూడా ఇదే మాట. "అయ్యో, మళ్ళా పాసైపోయినావా" అని దిగులు మొహం పెట్టేది. నాకు తిక్క రేగేది. మూతి ముడుచుకొని కూర్చుంటే బలవంతాన చెయ్యి లాక్కొని ఒక గాజు ఊరికే తొడిగేది.

ఆమె తొడిగిన గాజు మణికట్టు దగ్గర బియ్యపు గింజంత సందు మాత్రమే వదిలేది. చెయ్యి ఒక్కసారి తడిమి సైజు చెప్పేది. సబ్బు రాసి తొడిగేవాళ్ళంటే ఆమెకు మహా చులకన. "సబ్బు రాస్తే గాడిద కాలికైనా ఎక్కుతాయి" అనేది. ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చుని, మన చెయ్యి తన ఒళ్ళో పెట్టుకొని, "చెయ్యి నాకిచ్చెయ్, నీది కాదనుకో" అనేది. మన బొటనవేలిని అరచేతిలోకి మడిచి, కణుపుల మీద మెల్లగా నొక్కుతూ, గాజు సరిగ్గా ఎముక దగ్గర ఆగే వేళకు ఏదో ఒకటి అడిగేది. "మీ అత్త నిన్న బోరింగు కాడ ఎవరితో కొట్లాడె?" అని. మనం నోరు తెరిచి జవాబు చెప్పేలోగా గాజు ఎక్కి కూర్చునేది. ఊళ్ళో సగం రహస్యాలు ఆమెకు అట్లా చేరినవే.

తొడిగేటప్పుడు చిట్లితే ఆ గాజు దాదాబీది, చేతికెక్కాక చిట్లితే మనది. అది అమ్మమ్మల కాలం నుంచి ఉన్న కట్టుబాటు. తొడిగించుకున్నాక మలారాన్ని కళ్ళకద్దుకొని, తొడిగిన మనిషికి దండం పెట్టాలి. మా పెద్దమ్మ రామసుబ్బమ్మ కూడా పెట్టేది. ఆమె మా పెద్దనాయన భార్య. ఇంకెవరికైనా దండం పెట్టగా నేను చూడలేదు. ఊళ్ళో తన చేతులంత చిన్న చేతులు ఎవరికీ లేవని ఆమె గర్వం. యాభై దాటినా రెండు నాలుగు సైజు తప్ప వేసుకునేది కాదు. "ఇంకో రవ్వ బిగుతువి లేవా?" అని దాదాబీ ప్రాణం తీసేది.

2000 శ్రావణమాసంలో తొడిగిన గాజులు వదులయ్యాయి. చెయ్యి ఎత్తితే మోచేతి దాకా పోయేవి, దించితే జారి వేళ్ళ దగ్గరికి వచ్చేవి. అంట్లు తోముతుంటే జారిపోయి బూడిదలో పడేవి. మా అమ్మ నా చెయ్యి పట్టుకొని గుడ్ల నీళ్ళు కుక్కుకుంది.

"అయ్యో, నా బిడ్డ పుల్లయిపోయినాది గదే!"

ఆ ఏడు శెనక్కాయ చేలల్లో ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ఇంట్లో గింజలు తక్కువే. అయినా అమ్మ తన కంచంలోది నాకు పెట్టడం మొదలుపెట్టింది. ఉడకబెట్టిన కాయలు, నెయ్యి వేసిన సంగటి, పొద్దున్నే బెల్లం నీళ్ళు. వద్దంటే చెవిలో ఇల్లు కట్టుకొని పోరేది. ఆరు నెలల్లో నేను నాలుగు కిలోలు పెరిగాను. గాజులు మాత్రం వదులే. "ఎంత తిన్నా ఒంటికి పట్టడంలేదు ఈ పిల్లకు" అని నాయన కూడా దిగులుపడ్డాడు. 2002లో నా పెళ్ళికి దాదాబీ తొడిగిన గాజులూ అంతే. తలంబ్రాలు పోసేటప్పుడు నేను ఒక చేత్తో ఇంకో చేతి గాజులు పట్టుకోవాల్సి వచ్చింది. మా అత్తగారు అది చూసి, "పిల్లకు తిండి పెట్టలేదా?" అని మా అమ్మను అడగనే అడిగింది.

ఆ ఏడే ఎండాకాలంలో, కరువు చూసి పోవడానికి జీపుల్లో పై నుంచి అధికారులు వచ్చారు. మొలక రాని చేను చూశారు, నీళ్ళు రాని బోరు చూశారు, చెట్టు కింద మజ్జిగ తాగారు. వెళ్ళబోతుంటే రామసుబ్బమ్మ పెద్దమ్మ జీపుకు అడ్డం పోయింది.

"చేలు చూస్తే ఏమి తెలస్తాదప్పా? మమ్మల్ని చూడు! రెండేండ్ల కింద ఈ సైజు గాజులు నా చేతికి కదిలేవి గూడా కావు. ఇప్పుడు చూడు!" అని చెయ్యి పైకెత్తింది. గాజులన్నీ గలగలమంటూ మోచెయ్యి దాటి జబ్బ దాకా పోయాయి. ఆ పెద్దాయన అద్దాలు సవరించుకొని, పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. నెల రోజులు ఊరంతా పెద్దమ్మ తెలివిని మెచ్చుకుంది. ఆ కథ దాదాబీకి నేనే చెప్పాను, కడుపు పట్టుకొని నవ్వుతుందని. ఆమె నవ్వలేదు. "తోబా తోబా" అని చెంపలు వేసుకొని మాట మార్చింది. ముసల్దానికి హాస్యం తెలియకుండా పోయిందని అనుకున్నాను. నా తెలివి అంత గొప్పది.

మా కళ్ళకు ఏమీ కనపడలేదని కాదు. కనపడినవాటికి మాకు తోచిన అర్థం చెప్పుకున్నాం. దాదాబీ మజ్జిగ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకొని తాగేది. మర్యాద అనుకున్నాం. మలారం మానేసి గాజుల డబ్బాలు రెక్సిన్ సంచిలో తెచ్చేది. "ఏమొదినా, బళ్ళారి ఫ్యాషనా?" అని అమ్మ వెక్కిరించింది. మలారం ముడి విప్పలేక, కట్టలేక అట్లా చేసిందని మాకేం తెలుసు!

ఇంటి దగ్గర ఎట్లా గడిచేదో తర్వాత ఆమె కోడలు ఆరీఫా చెప్పింది. తెల్లారి లేచేసరికి వేళ్ళు ముడుచుకుపోయి ఉండేవట. వావిలాకు వేసి కాచిన నీళ్ళలో చేతులు ముంచుకొని కూర్చుంటే గంటకు కాస్త విచ్చుకునేవి. రాయదుర్గం డాక్టరు ఇచ్చిన మాత్రల అట్టను పళ్ళతో కొరికి చించేది. జాకెట్టు హుక్కులు ఆరీఫా పెట్టాలి. సంగటిని ముద్ద చెయ్యలేక గరిటెతో కంచాల్లో వేసేది. బోరింగు పిడి మీద మోచెయ్యి ఆనించి ఒళ్ళంతా వంగి నీళ్ళు కొట్టేది. చీర కొంగున డబ్బులు ముడి వెయ్యాలంటే, తలుపు సందులో ఒక కొస ఇరికించి పళ్ళతో లాగేదట. సోమవారాలు మాత్రం ఇంకో గంట ముందు లేచేది. మా ఊరు చేరేసరికి వేళ్ళు లొంగాలని. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

2003లో నాకు ఏడో నెల. అప్పటికి నేను కళ్యాణదుర్గం దగ్గర ఒక బడిలో టీచరును. కాన్పుకు పుట్టింటికి వచ్చాను. ఏడో నెలలో గాజులు తొడిగే పండగ చెయ్యాలి కదా. దాదాబీని పిలవడానికి అమ్మ స్వయంగా గుమ్మఘట్ట పోయింది. ఆ చేతులతో పచ్చ గాజులు తొడిగించుకున్న ఏ కడుపూ చెడలేదని మా వైపు ఊళ్ళల్లో ఒక నమ్మకం. అట్లాంటి పండగలో గాజు చిట్లితే కీడంటారు. ఎవరి చేతుల్లో చిట్లితే ఆ మనిషిని మళ్ళీ ఏ ఇల్లూ శుభానికి పిలవదు.

"ఆరీఫాను పంపుతాలే వదినా. అది బాగా తొడుగుతాది" అందట దాదాబీ.

అమ్మకు కోపం వచ్చింది. "నా బిడ్డకు ఉయ్యాల్లో నల్ల గాజులు తొడిగింది నువ్వు. పెండ్లికి తొడిగింది నువ్వు. ఇప్పుడు నీ కోడల్ని పంపుతావా? మేమేమన్నా తక్కువ చేసినామా? నువ్వు రాకుంటే పండగే వద్దు పో" అని లేచి వచ్చేసింది.

దాదాబీ వచ్చింది. వెంట సంచి మోసుకొని ఆరీఫా. ఇంటి నిండా ముత్తైదువలు. నన్ను పీట మీద కూర్చోబెట్టారు. దాదాబీ నా ముందర కూర్చుంది. మొహం కడుక్కున్నట్టు చెమట. ఎప్పటిలాగే పెద్ద సైజు పచ్చ గాజులు తెచ్చింది, జారిపోయేటట్టు. అయితే ఆమె లెక్కలో లేనిది ఒకటుంది. కడుపుతో నా చేతులు వాచాయి. ఇరవై రోజులుగా ఉంగరం కూడా దిగడం లేదు.

ఆమె నా చెయ్యి అందుకొని తడిమింది. తడిమిన వెంటనే ఆమె కళ్ళల్లో భయం నాకు కనపడింది.

"చెయ్యి నాకిచ్చెయ్ కోడలా" అంది.

మొదటిసారి నేను ఆమె వేళ్ళను సరిగ్గా చూశాను. పసుపు కొమ్ముల్లా కణుపులు ఉబ్బి, తలా ఒక దిక్కుకు తిరిగి ఉన్నాయి. ఇన్నేళ్ళూ నేను నా గాజుల్నే చూసుకున్నాను కానీ ఆ వేళ్ళను చూడలేదు. గాజు కణుపుల దాకా వచ్చి ఆగింది. ఆమె నొక్కబోయింది. బొటనవేలు వంగలేదు. పళ్ళు బిగబట్టి మళ్ళీ నొక్కింది.

గాజు టప్పున చిట్లింది. నా చెయ్యి గీరుకొని ఒక రక్తపు చుక్క వచ్చింది.

ఎవరో "శివశివా" అన్నారు. "మొదటి గాజే!" అంది రామసుబ్బమ్మ పెద్దమ్మ. ఆరీఫా ముందుకు వంగి, "నేను తొడుగుతా అత్తా" అంది. దాదాబీ నా చెయ్యి వదలాలి. వదల్లేదు. వదలాలని ఉన్నా ఆమె వేళ్ళు బిగుసుకుపోయాయి, విచ్చుకోవడం లేదు. ఆరీఫా ఒక్కొక్క వేలే పట్టి విడదీసింది. ఇంటి నిండా ఉన్న ఆడవాళ్ళంతా అది చూశారు.

దాదాబీ ఆ చేతుల్ని కొంగు కింద దాచుకోబోయి, మళ్ళీ ఏమనుకుందో, అందరి ముందూ ఒళ్ళో పెట్టుకుంది.

"నా చేతులు పోయినాయి తల్లీ. మూడేండ్లయింది. అప్పుడొకసారి పక్క ఊళ్ళో గాజు చిట్లి ఒక బిడ్డ చెయ్యి తెగింది నా చేతుల్లో. ఆ పొద్దుటి నుంచి మీకందరికీ రెండు సైజులు పెద్దవి తొడుగుతాండా. అవైతే నొక్కే పని లేదు. మీరెవురూ చిక్కిపోలేదు."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందు పెద్దమ్మకు అయింది.

"అంటే... నేను చిక్కిపోలేదా?"

"లేదక్కా. నువ్వు వేసుకున్నేవి రెండు నాలుగు కాదు, రెండు ఎనిమిది."

"ఓసి నీ దుంప తెగ! ఆ జీపోళ్ళకు చెయ్యెత్తి చూపిస్తినే! సర్కారు పుస్తకంలో రాసుకొని పోయిరే!"

నాకు నవ్వాగలేదు. కడుపు పట్టుకొని నవ్వాను, లోపల బిడ్డ కదిలేటట్టు. నన్ను చూసి ఒకరు, వాళ్ళను చూసి ఇంకొకరు, కీడు సంగతి మర్చిపోయి ఇల్లంతా పగలబడి నవ్వింది. మా అమ్మ ఒక్కతే నవ్వలేదు. వచ్చి దాదాబీ ముందర చతికిలబడింది.

"యాలా చెప్పలా?"

"చెప్తే ఇంగ నన్ను పిలుస్తారా వదినా? మీ ఇండ్లల్లో నడింట్లోకి వచ్చి కూర్చుంటాండా అంటే ఈ చేతులను చూసే గదా. ఇవి పోయినాయంటే నాకి మీతో పనేముంది, మీకి నాతో పనేముంది?"

"నోరు ముయ్!" అమ్మ గొంతుకు చూరెగిరిపోయింది. "ముప్పై ఏండ్లు మా చేతులన్నీ నీ ఒళ్ళో పెట్టినాం. నీ చెయ్యి ఒక్కసారి మాకు చూపించలేకపోతివే! పిలవమంట! మేం మనుషులమా, గొడ్లమా?" అని ఏడ్చేసింది.

ముహూర్తం దాటిపోతోందని ఎవరో గుర్తు చేశారు. అమ్మ కళ్ళు తుడుచుకొని, నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. "ఎట్ల నొక్కల్లో నువ్వు చెప్పు, నేను తొడుగుతా" అంది.

దాదాబీ చెప్పింది. బొటనవేలి కింద కండను లోపలికి మడవమంది. గాజును తోయొద్దు, తిప్పమంది. "ఆడ ఆగు. పిల్ల ఊపిరి వదలనీ. ఇప్పుడు." అమ్మ తడబడితే కసిరింది కూడా. "ఏమొదినా, ఎనుము పాలు పిండతాండావా?" అని. పచ్చ గాజులు కుడి చేతికి పదకొండు, ఎడమ చేతికి పది. ఒక్కటి కూడా చిట్లలేదు. నేను లేచి దండం పెట్టాను, అమ్మకు కాదు, దాదాబీకి.

నా తర్వాత ముత్తైదువలందరికీ తొడగాలి. ఆరీఫా డబ్బాలు విప్పుకొని సిద్ధంగా కూర్చుంది. పెద్దమ్మ లేచి, ఆరీఫాను దాటి పోయి, దాదాబీ ముందర కూర్చుని చెయ్యి చాపింది.

"ఆరీఫా తొడుగుతాదిలే అక్కా. నీకి నీ సైజు తొడగమని చెప్తా" అంది దాదాబీ.

"బిగుతువి వయసు పిల్లోళ్ళు తొడిగించుకోనీలే. నాకి వదులువే అలవాటయినాయి. గమ్మున తొడుగు."

కొత్త కోడళ్ళు ఇద్దరు మాత్రం ఆరీఫా దగ్గర కూర్చున్నారు. మిగతావాళ్ళంతా పెద్దమ్మ వెనక వరసగా కూర్చున్నారు. గాజును వేళ్ళతో కాక రెండు అరచేతుల మధ్య పట్టుకొని దాదాబీ తొడుగుతుంటే, ఒక్కొక్కరూ తమ చేతిని తామే ముందుకు తోసుకున్నారు. చాలాసేపు పట్టింది. అన్నం చల్లారిపోయిందని లోపల్నుంచి నాయన గొణిగినా ఎవరూ లేవలేదు.

ఆ తర్వాత ఐదారేళ్ళు ఆమె సోమవారం సోమవారం వస్తూనే ఉంది. ఆరీఫా సంచి మోసేది, తొడిగేది. దాదాబీ పక్కన కూర్చుని సైజులు చెప్పేది, ఊరి సంగతులు అడిగేది. అలవాటైనవాళ్ళకు తనే వదులువి తొడిగేది. మా ఊళ్ళో పెద్దవాళ్ళ గాజులు ఆ ఐదారేళ్ళూ మోచేతికి పోయి వస్తూనే ఉన్నాయి. కొత్తగా వచ్చిన కోడళ్ళకు అదేం పద్ధతో అర్థమయ్యేది కాదు.

కానీ నాకు బాగా గుర్తున్నది పండగ నాటి సాయంత్రం. అందరూ వెళ్ళిపోయారు. ఆరీఫా డబ్బాలు సర్దుతోంది. అమ్మ చిన్న గిన్నెలో ఆముదం వెచ్చచేసి తెచ్చి, అరుగు మీద దాదాబీ పక్కన కూర్చుంది. అడగకుండానే ఆమె కుడి చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకొని, చిటికెన వేలి నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కణుపుకూ నూనె రాయసాగింది. దాదాబీ కాసేపు అటూ ఇటూ చూసింది. చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. అమ్మ గట్టిగా పట్టుకుంది. ఇంకాసేపటికి దాదాబీ భుజాలు కదిలిపోవడం మొదలైంది. అంత మనిషి, అందరినీ నవ్వించే మనిషి, గట్టిగా ఏడ్చింది.

అమ్మ చప్పున ఆగింది.

"నొస్తాందా వదినా?"

"నొస్తాంది" అంది దాదాబీ. "వదలొద్దు."